బెల్లం తిన్నవాడు పైజట్టు

రెండేళ్లపాటు నేను బెల్లం ముట్టలేదు. అనకాపల్లిలో ఉంటూ బెల్లం వద్దనేవాణ్ణి చూసి చుట్టాలు నవ్వేవారు. పరమాన్నం వద్దన్నాను, బూరెలు పక్కకు తోశాను. "షుగరొచ్చిందేటి?" అని అడిగేవారు. షుగరు కాదు, కక్ష.

మా వాలీబాల్ క్లబ్బుకు రెండు జట్లుండేవి. బాగా ఆడేవాళ్లది పైజట్టు, మిగిలినవాళ్లది కిందజట్టు. టోర్నమెంటులో రెంటికీ వేర్వేరు కప్పులు. నేను కిందజట్టులో బూస్టర్ని, అంటే బంతిని నెట్టు మీదికి లేపి షాట్ కొట్టేవాడికి అందించేవాణ్ణి. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేసి, కంపెనీ బస్సు దిగగానే క్యారేజీతో సహా గ్రౌండుకు వెళ్లిపోయేవాణ్ణి.

టోర్నమెంటుకు ఒక రూలుంది. పైజట్టు మ్యాచిలో ఒక్కసారి గీత దాటి కోర్టులో కాలు పెట్టినవాడు ఆ ఏడు మళ్లీ కిందజట్టుకు ఆడకూడదు. లేకపోతే పెద్ద ఆటగాళ్లు ఫైనల్ రోజున కిందికి దిగొచ్చి చిన్నవాళ్ల కప్పు ఎత్తుకుపోతారు. కాబట్టి రూలు మీద నాకు కోపం లేదు. దాన్ని పట్టుకుని నా గొంతు కోసినవాడి మీదే కోపం.

వాడు, అదే, ఆయన, మా క్లబ్బు సెక్రటరీ. బెల్లం వ్యాపారి. దూరపు వరసన నాకు మావ. చొక్కా జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఉండేది. ఎవరైనా మొదటిసారి పైజట్టు తరఫున దిగుతుంటే, కోర్టు అంచున నిలబెట్టి, అందరూ చూస్తుండగా తన చేత్తో వాడి నోట్లో బెల్లం పెట్టేవాడు. మేం దాన్ని 'నోరు తీపి' అనుకునేవాళ్లం. మా దగ్గర బెల్లం తిన్నవాడంటే పైజట్టువాడని అర్థం.

ఆ ఏడు మా కిందజట్టు ఫైనల్‌కు వచ్చింది. ముందురోజు సాయంత్రం పైజట్టు మ్యాచి. అది ఎలాగూ గెలుస్తోంది. నేను కోర్టు చుట్టూ కట్టిన తాడు బయట నిలబడి చప్పట్లు కొడుతున్నాను.

"అల్లుడా, డ్రెస్సేసుకుని రా" అని కేకేశాడు సెక్రటరీ. "ఒక్క సర్వీసు సేసెల్లు. ఏడాదంతా కట్టపడ్డావు. నీకు నాను సేత్తన్న మర్యాద ఇది. నోరు తెరు."

నోరు తెరిచాను. రూలు నాకు తెలియక కాదు. పైజట్టు చొక్కా ఒంటి మీద పడ్డాక బుర్ర పనిచెయ్యలేదు. కొట్టిన సర్వీసు నెట్టుకు తగిలి మా వైపే పడింది. వెంటనే బయటికి పిలిచేశాడు. అయినా ఇంటికెళ్లేదాకా గాల్లో తేలుతూనే ఉన్నాను.

మర్నాడు ఫైనల్‌కు మా నాన్న వచ్చాడు. ఎలమంచిలి దగ్గర ఊళ్లో చెరకు వేస్తాడు. నా ఆట ఎప్పుడూ చూడలేదు. "రా నాన్నా, ఒక్కసారి చూడు" అని బతిమాలితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి వచ్చాడు. నేను బూట్లు కట్టుకుంటుంటే సెక్రటరీ పక్కకు పిలిచాడు.

"నిన్న నువ్వు పైజట్టుకి ఆడేసేవు కదల్లుడా. రూలొప్పుకోదు."

నా చోట్లో ఆయన బామ్మర్ది అప్పటికే తయారై ఉన్నాడు. కొత్త చొక్కా, వెనక పెద్ద అక్షరాలతో అతని పేరు. ఒక్క రోజులో కుట్టించి అచ్చు వేయించే పని కాదది. అప్పటికి గానీ నా నోట్లో పెట్టిన బెల్లం ఎందుకో నాకు అర్థం కాలేదు.

తాడు బయట నాన్న పక్కన నిలబడ్డాను. "ఏరా, ఆడవేటి?" అన్నాడు. వంగి బూట్ల తాళ్లు విప్పుకోసాగాను. "పోన్లే, ఆళ్లు నీకంటే బాగా ఆడతారు కావాల" అన్నాడు, నన్ను ఓదార్చడానికి. తిట్టి ఉంటే బాగుండేది. బామ్మర్ది కప్పు ఎత్తేదాకా నాన్న అక్కడే నిలబడి, అందరితో పాటు చప్పట్లు కొట్టి, బస్సుకు వెళ్లిపోయాడు.

క్లబ్బు మానేశాను. మా కంపెనీ బస్సులో వచ్చేవాళ్లనే కూడగట్టి ఒక జట్టు చేశాను. మొదటి ఏడు చిత్తుగా ఓడిపోయాం. రెండో ఏడు టోర్నమెంటు ముందు క్లబ్బులవాళ్ల మీటింగులో లేచి నిలబడ్డాను. "ఒక్క సర్వీసుకే మనిషిని పైజట్టువాడనడం అన్యాయమండి. సగం మ్యాచులు పైజట్టుకి ఆడినవాడికే ఆ రూలు పెట్టండి" అన్నాను. నిజంగానే మార్చమని అడిగాను. మార్చి ఉంటే ఆయనే బతికిపోయేవాడు.

సెక్రటరీ పకపకా నవ్వాడు. "గీత దాటితే దాటినట్టే. అరకాలెట్టినా కాలే కదల్లుడా!"

అందరూ నవ్వారు. "ఆ మాట గుర్తెట్టుకో మావా" అన్నాను. భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ ఏడు మేం ఫైనల్‌కు వచ్చాం. ఎదుటిది మావ కిందజట్టు, కెప్టెన్ బామ్మర్ది. ముందురోజు వాళ్ల పైజట్టు మ్యాచి చూడ్డానికి పాయకరావుపేట నుంచి కారులో చుట్టాలు దిగారు. బామ్మర్దికి సంబంధం కుదిరిందట, కాబోయే మావగారూ ఆయన వాళ్లూనట. పిల్లాడు పైజట్టులో ఆడతాడని వాళ్లకు చెప్పుకున్నారు. ఇంకేం, చివర్లో బామ్మర్దిని దింపారు. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? జేబులోంచి బెల్లం తీసి, గ్రౌండంతా చూస్తుండగా నోట్లో పెట్టాడు మావ. రూలును తన చేతిలో కర్ర అనుకున్నాడు గానీ, తన వీపు కూడా దానికి అందుతుందని ఆయనకు తోచలేదు.

"బావా, రూలు..." అని మావాడొకడు అరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంటికెళ్లి నాన్నకు ఫోన్ చేసి, రేపు తప్పకుండా రమ్మన్నాను.

మర్నాడు రెండు జట్లూ వరసలో నిలబడేదాకా ఆగాను. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుంటుండగా చెయ్యెత్తాను. "ఆ కెప్టెన్ నిన్న బెల్లం తిన్నాడండి."

రిఫరీ కూడా నిన్న చూసినవాడే. మావ పరుగెత్తుకొచ్చాడు. "ఒక్క సర్వీసే కదల్లుడా!"

"నాదీ ఒక్క సర్వీసే మావా. అరకాలెట్టినా కాలే అన్నావు కదా."

బామ్మర్ది బయటికి నడిచాడు. వాళ్లకు మిగిలింది ఐదుగురు, ఆటకు ఆరుగురు కావాలి. ఉన్న ఒక్క అదనపు ఆటగాడూ ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. అయితే జట్టు చొక్కా మీదా, ఫొటో మీదా మోజుతో మావ ఏటేటా తన పేరు కూడా కిందజట్టు ఆటగాళ్లలో రాయించుకునేవాడు. ఆయనైనా దిగాలి, కప్పైనా వదులుకోవాలి. చొక్కా విప్పి నెట్టు స్తంభానికి తగిలించి, పొట్ట మీదికి దిగనంటున్న జెర్సీని కిందికి లాక్కుంటూ దిగాడు.

నా ప్రతి సర్వీసూ ఆయన మీదికే. ఒకటి భుజానికి తగిలింది, ఒకటి కాళ్ల సందులోంచి పోయింది, ఒకదాని కోసం బోర్లా పడ్డాడు. "సాలు బావా, పాపం" అన్నారు మావాళ్లు. నాకు పాపం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. తాడు బయట, రెండేళ్ల కిందట నేను నిలబడ్డ వైపే, బామ్మర్ది నిలబడి ఉన్నాడు. "ఏటి బాబూ, ఆడవా?" అని కాబోయే మావగారు అడగడం నా చెవిన పడింది. ఆ సర్వీసు ఇంకా గట్టిగా కొట్టాను.

గెలిచాం. నాన్న తాడు దాటి వచ్చాడు. "బాగా ఆడేవురా. పాపం ఆ పెద్దాయన్నే అలా కొట్టేవేటి?" అన్నాడు.

మావ స్తంభం పక్కన కూలబడి రొప్పుతున్నాడు. తగిలించిన చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాను. ముక్క విరిచి ఆయన ముందు కూర్చున్నాను. గ్రౌండంతా మా చుట్టూ మూగింది.

"నోరు తెరు మావా" అన్నాను.

అటూ ఇటూ చూశాడు. బామ్మర్దినీ, వచ్చిన చుట్టాలనీ చూశాడు. తెరిచాడు. పెట్టాను.

మిగిలిన ముక్క నా నోట్లో వేసుకున్నాను.