ప్రయాగలో భూమన్న అల్లిన జడ

మా చెల్లెలు సక్కుబాయికి ప్రయాగలో వేణీదానం చేయాలని ముప్ఫై ఏళ్ల కోరిక. తెలియనివాళ్ల కోసం చెబుతాను. గంగా యమునలు కలిసేచోట భర్త తన చేతులతో భార్య తల దువ్వి, జడ అల్లి, పూలు పెట్టి, జడ కొసను రెండు మూడు వేళ్ల మేర కత్తిరించి ఇస్తాడు. ఆ కొసను ఆమె సంగమంలో వదులుతుంది. ముత్తైదువలు మాత్రమే చేసే పని ఇది. భర్త చేతులతోనే జరగాలి, ఇంకెవరు అల్లినా చెల్లదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా మరిది భూమన్న మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో పత్తి పండించే మనిషి. బెదిరిన ఎడ్లజతను ఒంటి చేత్తో ఆపుతాడు గాని తన తల దువ్వుకోవడానికే దువ్వెన పట్టడు.

కాశీ అన్నా, సముద్రం అన్నా సరేనన్నాడు. జడ మాట ఎత్తితే మాత్రం లేచి వెళ్లిపోయేవాడు.

"వదినా, దానికి నువ్వన్న చెప్పు. మంది నడుమ పడవల కూసొని పెండ్లానికి జడేసుడేంది? నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. నీ పండ్లేం రాలయి" అని సక్కు లోపలి నుంచి అనేది.

నా భర్త పోయి పదకొండేళ్లయింది. మేమిద్దరం వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే వెళ్లలేదు. అందుకే సక్కు వెళ్లి తీరాలని పట్టుబట్టింది నేను. ఊర్జానగర్‌లో ఉద్యోగం చేసే వాళ్ల అబ్బాయి బల్లార్షాలో కంప్యూటర్ టికెట్లు తీశాడు. జడ సంగతి తేలకుండానే ముగ్గురం బయలుదేరాం.

అది తొంభై ఐదో సంవత్సరం, కార్తీక పౌర్ణమి వెళ్లిన రెండో రోజు, నవంబరు తొమ్మిది, గురువారం. చంద్రపూర్‌లోని తుకుంలో మా ఇంటి నుంచి పొద్దున ఏడింటికి ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి సర్కారు ఎస్టీ బస్సులో బల్లార్షాకు వెళ్లాం. విసాపూర్ దాటేసరికే భూమన్న మూటలోని సజ్జ అప్పాలు సగం ఖాళీ చేశాడు. మద్రాసు నుంచి కాశీ వెళ్లే బండి గంట ఆలస్యంగా పదకొండింటికి వచ్చింది. ప్రయాగ దాకా స్లీపర్ టికెట్టు మనిషికి రెండు వందల లోపే. వెళ్లేవాళ్లు కింది బెర్తులు ముందే అడిగి తీసుకోండి. మాకు రెండు పైవి వచ్చాయి. నేను ఎక్కలేను కాబట్టి భూమన్న, సక్కు పైకెక్కారు.

నాగపూర్‌లో డజను నారింజలు కొన్నాం, పన్నెండు రూపాయలకు. మా ఎదురు సీట్లో వరంగల్ నుంచి వస్తున్న ఒకావిడ కూర్చుంది. పేరు చెప్పలేదు, ఊరు మాత్రం చెప్పింది. పొలం, పిల్లలు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక మాట జడ మీదికి వచ్చింది. భూమన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏందన్నా, ఒక్క పూట జడేస్తే మీసాలు ఊడిపోతయా?" అంది ఆవిడ. "మా ఆయన పోయిన ఏడు వేసిండు. గా మీసాలు ఇప్పటికి గట్లనే ఉన్నయి. ఇగో, నిద్రపోతుండు చూడు."

పై బెర్తులో నిజంగానే పెద్ద మీసాల మనిషి గురక పెడుతున్నాడు. అందరం నవ్వాం, భూమన్న తప్ప. అతని మొహం చూస్తే అది సిగ్గు అనిపించలేదు. కానీ అప్పుడు అడగలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి ప్రయాగలో దిగాం. దారాగంజ్‌లో ఒక ధర్మశాలలో గది దొరికింది, రోజుకు నలభై రూపాయలు. గది శుభ్రమే, దోమలు ఎక్కువ. స్టేషన్ బయటే, ఊరిని బట్టి యాత్రికులను పంచుకుని పూజలు చేయించే పండాలు చుట్టుముట్టి ఏ ఊరని అడిగారు. మన దగ్గర ఏ ఆఫీసుకు పోయినా చెప్పే అలవాటు కొద్దీ భూమన్న "మహారాష్ట్ర, జిల్హా చంద్రపూర్" అన్నాడు. దాంతో మరాఠీ పంతులు మా వంతుకు వచ్చాడు. మేం తెలుగువాళ్లమని ఆయనకు తెలిసేసరికి బేరం అయిపోయింది. మంచి మనిషే. ఏ భాషలో అడిగినా మంత్రం ఒకటేనమ్మా అన్నాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి పడవ. మూడు వందలు అడిగితే నూట ఇరవైకి కుదిర్చాను. భూమన్న అంతవరకూ అవుననలేదు, కాదనలేదు. పడవ ఎక్కాడు, అదే చాలనుకున్నాం. గంగ నీళ్లు మట్టిరంగులో, యమున నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. రెండూ కలిసేచోట గీత గీసినట్టు కనబడుతుంది. ఆ గీత మీద పడవలన్నీ కట్టి ఉంచుతారు. వాటి మధ్య పలకలు వేసి ఉంటాయి, నడుము లోతున మునగవచ్చు. ముసలివాళ్లు భయపడక్కర్లేదు.

స్నానాలయ్యాక పంతులు పీట వేశాడు. పసుపు, కుంకుమ, బంతిపూలు, దువ్వెన, కత్తెర పెట్టాడు. నేను పడవకు ఆ కొసన కూర్చున్నాను. ముత్తైదువ పూజ దగ్గరికి రావద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పే అవసరం లేకుండా నేనే జరిగాను. చిన్నప్పుడు సక్కుకు రోజూ జడ వేసింది నేనే. ఆ రోజు మాత్రం చెయ్యి పెట్టడానికి లేదు, నోటితో చెప్పాల్సిందే.

సక్కు భర్తకు వీపు పెట్టి కూర్చుంది. పంతులు దువ్వెన అందించాడు. భూమన్న చుట్టూ చూశాడు. పక్క పడవలో ఒక గుజరాతీ సేటు అప్పటికే పెళ్లాం తల దువ్వుతున్నాడు. ఆ సేటు ఇతన్ని చూసి తల ఊపాడు, సంతలో ఒక రైతు ఇంకో రైతును పలకరించినట్టు. భూమన్న దువ్వెన తీసుకున్నాడు.

పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాడు. సక్కు కెవ్వుమంది.

"కొస నుంచి చిక్కు తియ్యి భూమన్నా, కొస నుంచి!" అని నేను ఇటు నుంచి అరిచాను.

చిక్కు తీయడం ఎలాగో అయింది. తర్వాత జుట్టును రెండు పాయలు చేశాడు. రెండు అరచేతుల్లో ఒక్కో పాయ పెట్టి గట్టిగా మెలి తిప్పుతూ పేనడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో ఒక నిమిషం దాకా నాకు అర్థం కాలేదు. మా వైపు రైతులు ఎండాకాలంలో కూర్చుని ఎద్దులకు పలుపులు పేనుతారు. అదే పని.

"అయ్యో! తల ఊడొస్తుంది! ఎద్దునా కట్టేది?" అంది సక్కు.

"నాకొచ్చింది గిదే. జర కదలకు, పురి ఇడుస్తది."

పంతులుకు భాష రాకపోయినా సంగతి అర్థమైంది. మూడు పాయలు ఉండాలని వేళ్లు చూపించాడు. పడవవాడు తెడ్డు మీద వాలి నవ్వుతున్నాడు. పేనినది విప్పడానికే పది నిమిషాలు పట్టింది. అంత గట్టిగా పేనాడు. ఆ తర్వాత నేను చెబుతూ పోయాను: ఎడమది నడుమకు, ఇప్పుడు కుడిది నడుమకు, వదలకు, మళ్లీ ఎడమది. భూమన్న నాలుక బయటపెట్టి అల్లాడు. పైన వదులు, కింద బిగువు, మధ్యలో ఒక వంకర. అయినా అది జడే. పూలు గుచ్చాడు, బొట్టు పెట్టాడు. సక్కు మొహం చూడాలనిపించింది గాని అటు తిరిగి ఉంది.

పంతులు కత్తెర ఇచ్చాడు. భూమన్న జడ కొస పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత కత్తెర పీట మీద పెట్టేశాడు.

"నాతోని గాదు."

"ఇంతదాక చేసి ఇప్పుడేంది?" అన్నాను.

"మా అవ్వ గిక్కడికే వచ్చింది వదినా. మా బాపు గిట్లనే అల్లిండు, కోసిండు. ఇంటికొచ్చినంక నెల తిరగలే, పోయింది. నేను చిన్నోన్ని. యాదికున్నది."

ఆ సంగతి నాకు తెలియదు. అత్త, అంటే భూమన్న తల్లి, జ్వరంతో పోయిందని సక్కు విన్నది గాని, ప్రయాగ నుంచి వచ్చాక పోయిందని ఆమెకూ తెలియదు. ఇన్నేళ్లుగా మంది నవ్వుతారన్నది వంక. అసలు భయం ఇది.

నేనైతే వాదించేదాన్ని. సక్కు వాదించలేదు. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"అయితే వద్దులేయ్యా. లే, పోదాం. దువ్వినవు, అల్లినవు, పూలు పెట్టినవు. గది చాలు నాకు."

ముప్ఫై ఏళ్ల కోరికను అంత తేలిగ్గా పక్కన పెడుతుందని నేను అనుకోలేదు. పంతులు గడియారం చూసుకున్నాడు. పడవ కింద నీళ్లు కొట్టుకుంటున్నాయి. భూమన్న జడ కొస మాత్రం వదలలేదు.

"నిజంగనే వద్దా?"

"నిన్ను భయపెట్టి చేసేదేంది? వద్దు."

భూమన్న, "నీకేమన్న అయితే?" అన్నాడు.

"అయితే నేను పోత. నీకేం? రొట్టెలు కాల్చేటోళ్లు లేరనా బాధ?"

"ఔ. గదే బాధ" అన్నాడు. అని కత్తెర తీసుకున్నాడు.

"కండ్లు మూసుకోకయ్యా, చెవి పోతది!" అని సక్కు అరిచింది. ఆమెకు వెనక కళ్లు లేవు, అయినా కనిపెట్టింది. అతను నిజంగానే కళ్లు మూసుకున్నాడు. తెరిచి కోశాడు. రెండు వేళ్ల మేర చిన్న ముక్క. సక్కు దాన్ని పసుపు, కుంకుమ, రూపాయి బిళ్లతో కలిపి దోసిట్లో పట్టుకుని వదిలింది. మునిగిపోయింది. సంగమంలో జుట్టు తేలదని అంటారు. పసుపు ముద్ద, బిళ్ల బరువుకు కూడా మునిగి ఉండవచ్చు. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బస్సులో కాశీ చేరాం, మూడున్నర గంటలు. తెలుగువాళ్ల సత్రంలో దిగాం. రెండు పూటలా అన్నం, పప్పు, చారు పెడతారు, తోచినంత ఇవ్వవచ్చు. చారు బాగుంటుంది. విశ్వనాథుని దర్శనానికి తెల్లవారుజామున వెళ్లండి, పది దాటితే సందుల్లో నిలబడాలి. ఘాట్ల మెట్లు జారుతాయి, చెప్పులు సత్రంలోనే వదలండి.

సోమవారం పొద్దున గంగలో మునిగి వచ్చి సక్కు మూడుసార్లు తుమ్మింది. అంతే. భూమన్న టీ తాగుతున్న గ్లాసు వదిలేసి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరు జలుబు అని రెండు మాత్రలిచ్చి పంపాడు. భూమన్న నమ్మక ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయనా జలుబే అన్నాడు. సాయంత్రం పసుపురంగు ఎస్టీడీ బోర్డు కనబడగానే కొడుక్కి ఫోన్ చేసి, ఎత్తగానే "అవ్వ మంచిగున్నది" అన్నాడు. ఎందుకు చెబుతున్నాడో తెలియక ఆ పిల్లవాడు అవతల కంగారు పడ్డాడు. ఆ కంగారు తీర్చడానికి నేను మళ్లీ మాట్లాడవలసి వచ్చింది. బిల్లు అరవై దాటింది.

మర్నాడు ఘాటుకు వెళ్లనివ్వలేదు.

"గంగల మునుగనియ్యకుంటే కాశికెందుకు తెచ్చినవయ్యా?"

"చెంబుతోని నెత్తి మీద చల్లుకో. గంగ గంగనే."

బుధవారం సాయంత్రం పూరీ బండి ఎక్కాం. ఇరవై నాలుగు గంటల పైనే పట్టింది. గుడిలో కుండల్లో వండిన ప్రసాదం ఆకుల్లో పెట్టి అమ్ముతారు. ముగ్గురికీ సరిపోయేంత పప్పన్నం, కూర ముప్ఫై రూపాయలకు వచ్చింది. అంత రుచి మళ్లీ ఎక్కడా తినలేదు.

సముద్రం మా ముగ్గురిలో ఎవరమూ అంతకుముందు చూడలేదు. ఒడ్డున పొడుగాటి కొనదేలిన టోపీలు పెట్టుకున్న బెస్తవాళ్లు యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయిస్తారు. మమ్మల్ని చూసి వాళ్లలో ఒకతను తెలుగులో మాట్లాడేసరికి ఆశ్చర్యపోయాం. వాళ్ల పూర్వులు తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లట.

"రండమ్మా, నాను పట్టుకుంతాను, బయం నేదు" అన్నాడు సక్కుతో.

"నువ్వెందుకు పట్టుకుంటవ్? నేను లేనా?" అన్నాడు భూమన్న.

"సముద్రం తెలుసా బాబూ నీకు?"

"వర్ధా నది తెలుసు."

సక్కు చెయ్యి గట్టిగా పట్టుకుని అడుగు వేశాడు. మొదటి అల ఇద్దరినీ కలిపి పడేసింది. టోపీ అతను చెరొక చేత్తో ఇద్దరినీ లేపి నిలబెట్టాడు. భూమన్న ముక్కులోంచి నీళ్లు కారుతున్నా సక్కు చెయ్యి మాత్రం వదల్లేదు. సక్కు నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడింది. అతనికి పది రూపాయలు ఇచ్చాం, ఇద్దరికీ కలిపి.

చదివేవాళ్లు బెంగపడకుండా ఇక్కడే చెబుతున్నాను. ఆ నెల ఏమీ కాకుండా గడిచిపోయింది. ఆ తర్వాతి నెలలు కూడా. కానీ తిరుగు ప్రయాణంలో ఆ సంగతి భూమన్నకు తెలియదు కదా.

పూరీ నుంచి విజయవాడ, అక్కడ బండి మారి ఇంటిదారి. ఇరవై ఒకటో తారీఖు, మంగళవారం మధ్యాహ్నం. కాగజ్‌నగర్ దాటాక భూమన్న కూర్చున్నచోటే నిద్రపోయాడు. పక్కన సక్కు. ఆమె జడ అతని గుప్పిట్లో ఉంది. సక్కు అరగంట నుంచి కదలకుండా కూర్చుంది. వర్ధా వంతెన మీద అందరూ కిటికీల్లోంచి బిళ్లలు వేస్తుంటే నాకో రూపాయి ఇచ్చింది.

"నువ్వెయ్యక్కా. నేను లేస్తే ఈయన లేస్తడు."

వేశాను. మేం చూసిన గంగ కన్నా, సముద్రం కన్నా ఆ నది చాలా చిన్నది. అయినా వంతెన దాటాక కూడా చూస్తూ ఉండిపోయాను. యాత్రకు పోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కాశీ ఎక్కడికీ పోదు, సముద్రమూ పోదు. ఇద్దరూ ఉన్నప్పుడు పోండి. జడ వంకరగా వచ్చినా ఫరవాలేదు.

బల్లార్షాలో బండి ఆగే కుదుపుకు భూమన్న లేచాడు. కళ్లు పూర్తిగా తెరవకముందే సక్కు వైపు తిరిగాడు.

"మంచిగున్నవా?"

"నెల కానీ, చెప్త" అంది సక్కు.

జడ కోసిన పదో రోజుకు భూమన్న నవ్వాడు. నవ్వి మూడు మూటలూ తానే భుజాన వేసుకున్నాడు. సక్కును చేసంచి కూడా పట్టుకోనివ్వలేదు.