జారుడుబండ మీద వరదపాశం

ఈ వార్త నాకు మొదట తెచ్చింది విస్తరాకులు అమ్మే గూడెం అవ్వ. మంగళవారం పొద్దున గంప దించుతూనే, మంచినీళ్ళు కూడా అడగకుండా, "అమ్మా, మీ జారుడుబండ మీద సున్నం బొట్లు పెట్టిండ్రు, తెల్సునా?" అంది.

"ఎవరు పెట్టారవ్వా?"

"లారీల వచ్చిండ్రు. మీ పెద్దయ్యనే దగ్గరుండి జూపిచ్చిండు. పేల్చి కంకర జేస్తరంట."

పెద్దయ్య అంటే మా బావగారు, మా ఆయనకు అన్న. పెనుబల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మా చేలు. మామగారు కృష్ణా జిల్లా నుంచి బండ్లు కట్టుకుని వచ్చి కొన్న భూమి అది. ఆ చేల మధ్య ఒక రాతిగుట్ట ఉండేది. గుట్ట అనడానికి మొహమాటపడాలి, తాటిచెట్టంత ఎత్తు కూడా లేదు. ఎంతమంది పిల్లలు జారారో, ఒక పక్క రాయి నేతిగిన్నె అడుగులా నున్నబడింది.

నా కూతురికి రెండో ఏట జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. ఖమ్మం దవాఖానాలో పోలియో అన్నారు. నేల మీద అది అందరికంటే వెనక. గుట్ట దగ్గర మాత్రం ఆ లెక్క తిరగబడేది. వెనకవైపు మెల్లని ఏటవాలు. అక్కడ కూర్చుని, అరచేతులు ఆనించి, వెనక్కి వెనక్కి జరుగుతూ ఎవరి సాయం లేకుండా పైకి చేరేది. ఇక తాటిమట్ట మీద కూర్చుందంటే దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు. తక్కిన పిల్లలు భయమేసి మడమలు తన్నిపెడతారు. దీనికి ఆ ఊసే లేదు. "కుంటిదాన్ని ముందుగాల పోనియ్యకుండ్రి, మల్ల మనకు దొరకది!" అని పిల్లలు కొట్లాడుకుంటుంటే, చేలో కలుపు తీస్తున్న నేను లేచి నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ పేరు అంత గొప్పగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

నేను బడికి పోలేదు. మా నాన్నే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించారు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు మనకు మేలు చేసినవాళ్ళను తలుచుకోవాలన్నదీ ఆయన నేర్పిందే. పాలిచ్చిన గేదె కావచ్చు, చెయ్యెత్తితే ఆపిన బస్సు డ్రైవరు కావచ్చు. ఆ వరసలో చాలాకాలం బండ కూడా ఉండేది.

బావగారి ఎదుట పడి మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. భోజనాల దగ్గర మా ఆయన చేత అడిగించి, నేను తలుపు చాటున నిలబడ్డాను. బావగారు పెరుగు కలుపుకుంటూ నవ్వారు.

"ఆ గుట్టేమన్నా పంట పండుతోందిట్రా? రోడ్డుకి కంకర కావాలని కాంట్రాక్టరు ఇంటికొచ్చి అడిగాడు. పిల్లలు జారాలంటే ఖమ్మంలో పార్కు లేదూ? నున్నటి సిమెంటు జారుడుబల్ల! ఎల్లుండి పిల్లని తీసుకెళ్ళి చూపించండి. ఈ బండరాయి మొహం మళ్ళీ చూడదు."

మా ఆయన తల వంచుకుని అన్నం తిన్నారు. వంచిన ఆ తలను కూడా నేను క్షమించలేదు. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను.

తీసుకెళ్ళాను. జారుడుబల్ల నిజంగానే ఎత్తు, నిజంగానే నునుపు. కానీ ఎక్కడానికి ఉన్నది ఇనప నిచ్చెన. నా కూతురు మొదటి మెట్టు మీద కాలు పెట్టలేకపోయింది. చంకనెత్తుకుని ఎక్కబోతే కాపలావాడు కర్ర ఊపుతూ వచ్చాడు. "ఓ అమ్మా, పెద్దోళ్ళు ఎక్కద్దు! దిగు, జల్దీ దిగు!" బతిమాలి, పైదాకా ఎక్కి దాన్ని కూర్చోబెట్టాను. ఒక్కసారి జారింది. కింద ఇసకలో కూర్చుని, "అమ్మా, దీనికి వెనకవైపు లేదా?" అని అడిగింది.

లేదు. ఎవరో ఎత్తుకుంటే తప్ప చేరలేని ఎత్తు ఎంత గొప్పదైతే మాత్రం మనకెందుకు? భద్రాద్రి రాముడు కూడా గోదారి ఒడ్డున చిన్న గుట్టనే ఎంచుకున్నాడు. హిమాలయాలు తెమ్మనలేదు.

మేము బస్సు దిగేసరికి బండను పేల్చేశారు. చేలన్నీ తెల్లటి దుమ్ము. ఎల్లుండే వెళ్ళమని బావగారు ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత పిల్ల వసారా దిగలేదు. దీపం దగ్గర నా తలపుల్లో కొత్త మనిషి చేరాడు. "రామా, మా బావగారికి ఆయుష్షునివ్వు. నా రోజు వచ్చేదాకా ఆయన పళ్ళూ నాలుకా చల్లగా ఉండనివ్వు" అని రోజూ మొక్కేదాన్ని. అంత నిష్ఠగా నా బిడ్డ కాలు కోసం కూడా మొక్కలేదేమో.

రెండేళ్ళకు వానలు మొహం చాటేశాయి. వరదపాశం పెట్టాలన్నారు. మావాళ్ళు కోస్తా నుంచి వెంట తెచ్చుకున్న ఆచారం అది. ఇంటింటా బియ్యం, బెల్లం పోగుచేసి పాయసం వండి, బండ మీద పోసి, చేతులు వెనక్కి కట్టుకుని నాలుకతో నాకి వానదేవుణ్ణి వేడుకోవాలి. మొదట నాకవలసింది బండ ఎవరిదో ఆ ఇంటి పెద్ద. ఉపవాసముండి వండి పొయ్యవలసింది ఆ ఇంటి చిన్నకోడలు. మా ఊరికి ఆ బండ ఎప్పుడూ మా జారుడుబండే.

"అవతల ఊరి గుట్ట మీద పెద్ద బండ ఉన్నది గద, గాడికి పోదాం" అన్నారు కొందరు. నేను ముందురోజే పెద్ద ముత్తయిదువలందరి ఇళ్ళకూ వెళ్ళి, "ఎప్పుడూ పోసే చోటు మారిస్తే వాన మనల్ని గుర్తుపడుతుందా?" అని వచ్చాను. ఆ మాట అందరికీ పట్టింది. మొదటి మర్యాద వేరే ఊరికి పోకూడదని బావగారూ సరేనన్నారు.

జారుడుబండలో మిగిలింది నాలుగు బారల ముక్క. సగం పాత నునుపు, సగం పేలి వాడిగా లేచిన పలుగులు. తడిచీరతో గుండిగ ఎత్తుకుని వచ్చి, గోవిందా అని, పలుగుల మీద పోశాను.

బావగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చేతులు కండువాతో కట్టి ఉన్నాయి. తలెత్తి, "అమ్మాయ్, ఆ నున్నటి వైపు పొయ్యరాదూ?" అన్నారు.

పదకొండేళ్ళ కాపురంలో ఆయనతో ఎదురుగా నేనన్న మొదటి మాట అది: "నున్నటిది ఖమ్మంలో ఉంది బావగారూ."

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వెనక నుంచి ఎవరో, "కానియ్యి పెద్దయ్యా, బెల్లం మంచిగనే పడ్డది!" అన్నారు. ఆయన వంగారు. లేచేసరికి గడ్డం మీదుగా పాయసంతోపాటు నెత్తురు కారింది.

మూడు రోజులు గంజే తాగారు. నేనే కాచి ఇచ్చాను. ఉప్పు సరిగ్గానే వేశాను, తిండితో ఆడుకోకూడదు. నా కడుపు మాత్రం ఆ మూడు రోజులూ నిండుగా ఉంది. తప్పు చేశానని దేవుడికి చెప్పుకోలేదు, ఇప్పటికీ చెప్పుకోను.

నాలుగోనాడు వాన కురిసింది. ఊరంతా మా గుమ్మంలోకి వచ్చింది. "పెద్దయ్య నెత్తురు జూసి వాన దిగింది" అని ఆయన కాళ్ళకు మొక్కారు. ఆయన వాచిన నాలుకతో నవ్వారు. లోపల నా కూతురు, "అమ్మా, బండ మళ్ళీ వస్తుందా?" అని అడిగింది. నేను తట్టుకోలేనిది ఆ రెండూ ఒక్క పూటే జరగడం.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఊళ్ళో ఇప్పటికీ వాన తెచ్చిన పెద్దయ్య అనే చెప్పుకుంటారు. చదివిన మీరైనా ఆయన్ను సరిగ్గా గుర్తుపెట్టుకోండి. ఒక ఆడపిల్ల తనంతట తాను ఎక్కగలిగిన ఒకే ఒక్క ఎత్తును కంకరకిచ్చిన మనిషిగా గుర్తుపెట్టుకోండి.