జత కలవని కోడిపుంజు

నా చిన్నప్పుడు బిట్రగుంట రైల్వే కాలనీలో తోటి ఆడపిల్లలు రంగు గాజుముక్కలు, నెమలీకలు దాచుకుంటుంటే, నేను సైనికుల చొక్కా భుజాల మీది గుడ్డ బ్యాడ్జీలు పోగేసేదాన్ని. పటాలంలో పనిచేసి వచ్చి రైల్వేలో చేరినవాళ్ళు మా కాలనీలో చాలామంది ఉండేవారు. వాళ్ళ గుమ్మం ముందు మొహం వేలాడేసుకుని నిలబడితే చాలు, పాత చొక్కా వెతికి, కుట్లు విప్పి ఇచ్చేవారు. వాటిని ఒక దిండు గలీబు మీద కుట్టుకున్నాను. "ఆ మసిగుడ్డలేందే, పిచ్చిదానా" అని మా అవ్వ సణిగేది. అయినా బట్టలుతికేటప్పుడు ఆ గలీబు జోలికి మాత్రం పోయేది కాదు.

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్ళివచ్చిన మనిషి. ఆయన బ్యాడ్జీలో పసుపు గుడ్డ మీద ఎర్రటి కోడిపుంజు ఉండేది. దళం అంకె రాస్తే శత్రువుకు తెలిసిపోతుందని అలా బొమ్మలు పెట్టేవారట. పైగా ఏ భాషవాడైనా, అక్షరం ముక్క రానివాడైనా బొమ్మ చూసి తనవాళ్ళను పోల్చుకోగలడు. పుంజు ఎప్పుడూ ముందుకే చూడాలట, వెనక్కి చూస్తే పారిపోతున్నట్టు ఉంటుందట. అందుకని రెండు చేతుల బ్యాడ్జీలూ ఒకేలా ఉండవు, ఒకటి ఎడమకు తిరిగితే ఇంకొకటి కుడికి తిరుగుతుంది. తాతయ్య దగ్గర ఎడమచేతిది ఒక్కటే ఉంది. యుద్ధం అయ్యాక ఇంటిదారి పట్టినప్పుడు ఆయన స్నేహితుడి పెట్టె రైల్లో పోయింది. గుర్తుగా చూసుకోవడానికి ఒక్కటీ మిగల్లేదని ఆయన దిగులుపడుతుంటే, తాతయ్య తన కుడిచేతి బ్యాడ్జీ పీకి ఇచ్చేశాడు. ఆ స్నేహితుడు మనుబోలులో టైలరు.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. జత కలవని పుంజును గలీబు మీద ఎలా కుట్టడం? రెండోది ఇప్పించమని తాతయ్య ప్రాణం తోడేశాను. "ఇచ్చేసినదాన్ని నేనెట్టా అడిగేది? కావాలంటే నువ్వే అడుక్కో" అని ఒక సెలవురోజు పొద్దున్నే నన్ను తీసుకుని ప్యాసింజరు ఎక్కాడు.

మమ్మల్ని చూడగానే మనుబోలు తాత కుట్టుమిషను ఆపి, "రా అన్నా, రా" అంటూ లేచి లోపలికి వెళ్ళాడు. మంచినీళ్ళకంటే ముందు బ్యాడ్జీ తెచ్చాడు. తాతయ్య కూడా జేబులోంచి తనది తీశాడు. రెండు పుంజులనూ మిషను బల్ల మీద ఎదురెదురుగా పెట్టి, ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారు. బురదలో నడిచిన దారులు, మొండికేసిన కంచరగాడిదలు, పొంగకుండానే దించేసిన అన్నం గురించి చెప్పుకుని పడీపడీ నవ్వారు. ఎన్నోసార్లు చెప్పుకున్న కబుర్లేనని ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తి చేయడంలోనే తెలుస్తోంది. నేను మాత్రం ఆ రెండో పుంజు మీంచి చూపు తిప్పలేదు. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో ఒకసారి నిమిరాడు. "ఎప్పటికైనా అన్నదే గదా. తీసుకో తల్లీ" అని ఒక పట్టుగుడ్డ ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

స్టేషనుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాక తాతయ్య తాపీగా అన్నాడు: "పోనీలే, ఇదీ మంచిదే. ఇంక మనుబోలుకు రావాల్సిన పని లేదు."

"ఏం తాతయ్యా?"

"ఏముండాది? ఆ బ్యాడ్జీ చూసి పోదామనే ఇన్నాళ్ళూ వస్తా ఉన్నా. ఇప్పుడది మనింటికే వచ్చేసినాదే."

వాళ్ళ నవ్వులన్నీ నేనే మూటగట్టుకుని పోతున్నట్టు అనిపించి ఏడుపొచ్చింది. సిగ్నలు పడింది. దూరంగా బండి కూత వినిపించింది. "ఇచ్చేసి వద్దాం పా" అని తాతయ్య చెయ్యి పట్టి లాగాను. "బండి పోద్దే" అన్నాడు. "పోతే పోనీ" అన్నాను. జన్మలో ఏ బండికైనా గంట ముందే స్టేషనుకు చేరే మనిషి, వెనక్కి తిరిగైనా చూడకుండా నాతో వచ్చేశాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

"ఏం తల్లీ, నచ్చలేదా?" అన్నాడు మనుబోలు తాత.

"నచ్చింది తాతా. ఈడే ఉండనీ. మళ్ళీ వచ్చి చూసుకుంటాం."

ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "అన్నవాళ్ళకు బండి పోయింది, ఎసట్లో బియ్యం పొయ్యి!" అని లోపలికి కేకేశాడు. ఆ సంతోషం చూస్తే ఆయన ఎంత బాధను దాచుకుని ఇచ్చాడో నాకు అప్పుడు అర్థమైంది. సాయంత్రం బండికి ఉత్తచేతులతో తిరిగొచ్చాను. దారి పొడుగునా నా ఆనందం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు, మోకాళ్ళ నొప్పులున్నాయి, బ్యాడ్జీల పిచ్చీ ఉంది. పోయిన నెలలో గూడూరు నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ళ తాతగారి భుజం బ్యాడ్జీ ఒకటి ఇంట్లో దొరికిందట, నేను పోగుచేస్తానని ఎవరో చెప్పారట. "కొరియర్లో పంపమంటారా అమ్మా?" అన్నాడు. సరేననమని మా కోడలు పక్కనుంచి సైగలు చేస్తూనే ఉంది.

"వద్దు నాయనా, నీ దగ్గరే ఉంచు" అన్నాను. "నేనే వస్తా. మీ తాత కబుర్లు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఆరోజు ఇంట్లోనే ఉండమను."