సప్పుడు జేయకు

నేను మాటకారినని నా గట్టి నమ్మకం. గోదావరి వైపు నుంచి వచ్చి బుద్వేల్‌లో అద్దెకు దిగినప్పుడు నాకున్న ఆస్తి ఆ నోరొక్కటే. దాన్ని నమ్ముకునే హార్డ్‌వేర్ దుకాణంలో నెల జీతం వదిలేసి జంట అద్దాల కిటికీలు అమ్మడం మొదలుపెట్టాను. రెండు అద్దాలు, మధ్యలో గాలి. మూస్తే బయటి మోత లోపలికి రాదు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్త అది. ఆ చుట్టుపక్కల అలాంటి కిటికీ ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు. జనం ఎగబడి కొంటారనుకున్నాను.

ఒక్కరూ కొనలేదు. విమానాశ్రయం పక్కనే ఉన్న తొండుపల్లిలో నేనెక్కని గడప లేదు. "శబ్ద కాలుష్యం అండీ, ఆరోగ్యానికి హానికరం అండీ" అంటూ ఊదరగొట్టేవాణ్ణి. "గాలిమోటరు దాని తొవ్వల అది పోతది. మనకేంది అన్నా?" అని నవ్వి పంపేవారు. ఒకాయన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు గానీ కిటికీ మాత్రం వద్దన్నాడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "ఇన్ని కబుర్లు చెప్తారు, ఒక్క కిటికీ అమ్మలేరా? బడులు తెరిచేలోపు ఒక్కటంటే ఒక్కటి అమ్మండి. లేదంటే మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళండి" అంది. పౌరుషానికి పోయి సరేనన్నాను. ఆ తర్వాత భయం పట్టుకుంది. పాత యజమాని ముందు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడటం నా వల్ల అయ్యే పని కాదు.

ఇంకో వారంలో బడులు తెరుస్తారనగా ఒక రైతు ఇంటి అరుగెక్కి నా పాఠం ఎత్తుకున్నాను. లోపలి నుంచి ఒక పెద్దావిడ చెయ్యి ఊపుకుంటూ వచ్చింది.

"సప్పుడు జేయకు బిడ్డా! పసిపోరి ఇప్పుడే పండుకుంది."

ఆ మాట పూర్తికాకుండానే ఇంటి మీదుగా విమానం పోయింది. లోపల మనవరాలు కెవ్వుమంది. "పొద్దటి సంది గిదే లొల్లి. పిల్లకు నిద్ర లేదు, తల్లికి లేదు, నాకు లేదు" అంది ఆవిడ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇన్నాళ్ళూ నేను అమ్మబోయింది అద్దాలు. ఈ ఇంటికి కావలసింది నిద్ర. నా మీద నాకే కోపమొచ్చింది.

"అమ్మా, ఆ గదికి ఒక కిటికీ పెడతాను. పాప పడుకుంటే ఉంచుకోండి. లేచిందా, తీసుకెళ్ళిపోతాను" అన్నాను. ఎగాదిగా చూసి, "సూద్దాం తియ్" అంది.

మూడో రోజు మధ్యాహ్నానికి కిటికీ బిగించాం. పాపను నిద్రపుచ్చి పెద్దావిడ మంచం పక్కన కూర్చుంది. నేను గోడవారగా నిలబడ్డాను. చక్రాలు దించుకుని విమానం ఇంటి మీదికే వస్తున్నట్టు అద్దంలోంచి కనబడింది. నా బతుకంతా ఆ పసిదాని రెప్పల మీద ఉంది. విమానం వెళ్ళిపోయింది. పాప పెదవులు చప్పరించింది, అంతే.

"చూశారా!" అనబోయాను. పెద్దావిడ మూతి మీద వేలు పెట్టింది. జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

రెండోదీ పోయింది, మూడోదీ పోయింది. అప్పుడు నన్ను వాకిట్లోకి పిలిచి, "ఇగ తక్కిన రెండు అర్రలకు గూడ పెట్టు" అంది. రోడ్డు మీదికొచ్చి ఏడ్చాను. సంతోషంతోనే.

ఆ తర్వాత నేను ఊళ్ళో తిరగాల్సిన పని పడలేదు. వాడకట్టు ఆడవాళ్ళను ఆవిడే పిలుచుకొచ్చి ఆ గదిలో కూర్చోబెట్టేది. ఇప్పుడు తుక్కుగూడలో మా ఫ్యాక్టరీ ఉంది. కొత్తగా చేరిన అమ్మకాలవాళ్ళకు మొదటి పాఠం నేనే చెప్తాను: ముందు కిటికీ మూయండి, తర్వాత మీ నోరు మూయండి. నేను చెప్తున్నానని నవ్వుతారు.

విమానాశ్రయం పక్కన పెద్ద హోటల్ కడుతున్నప్పుడు ఆ కిటికీల కోసం మహామహా కంపెనీలు కోట్లు తొడుక్కుని వచ్చాయి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాయి. నేను ఆ హోటల్ యజమానిని కారెక్కించుకుని తొండుపల్లిలో పాత గదికే తీసుకెళ్ళాను. నాటి పసిపాప మంచం మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటోంది. నేను నోరు విప్పలేదు. బయట విమానం వెళ్తుంటే ఆయన ఏదో అడగబోయాడు.

"జర సప్పుడు జేయకుండ్రి సార్, లెక్కలు చేస్తున్న" అంది పిల్ల, తలెత్తకుండానే.

ఇద్దరం పిల్లుల్లా బయటికొచ్చాం. వీధిలో ఇంకో విమానం మా నెత్తి మీదికి వచ్చింది. ఆ మోతలో ఆయన నా చెవి దగ్గరికి వంగి అరిచాడు.

"హోటల్ మొత్తం మీదేనండీ!"

నాకు స్పష్టంగానే వినపడింది. అయినా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వినపడలేదండీ, మళ్ళీ చెప్పండి" అన్నాను.