దమ్ బిర్యానీని తిట్టేవాళ్లు

మా తమ్ముడు చందును ఎవరూ తిట్టరు. అదేదో అదృష్టం అనుకునేరు, కాదు. నాలుగో ఏట విషజ్వరం వచ్చి వాడికి రెండు చెవులూ పోయాయి, వాటితో పాటే మాటా పోయింది. అప్పటినుంచీ బెంగుళూరు పక్కన హొసకోటెలో మా వీధి వీధంతా వాడి విషయంలో మంచిగా ఉంటోంది. చిన్నప్పుడు వాడి బంతి తగిలి ఓబళప్ప ఇంటి అద్దం పగిలితే, ఓబళప్ప పక్కనున్న పిల్లవాడి చెవి మెలేశాడు. ఇప్పుడు పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో వాడు ఒక లోడంతా తప్పు సైజులో పంపిస్తే, సూపర్‌వైజరు వాడి భుజం తట్టి మిషన్ దగ్గరున్నవాణ్ణి బూతులు తిట్టాడు. ‘పాపం’ అన్న మాటకు పెదాలు ఎలా కలిసి విడిపోతాయో వాడికి ఆరేళ్లప్పటికే తెలుసు. ఆ మాట చూస్తే చాలు, మొహం అటు తిప్పుకుంటాడు.

నేను వాడి అక్కని, సుజాత. పేటలో జాకెట్లు కుట్టే అంగడి నాది. నోరున్నదని నాకు పేరు. నా చేతి కుట్టు కంటే నా నోటికే ఎక్కువ భయపడతారు జనం. పడనీ.

మాస్కుల కాలంలో వాడి బతుకు మరీ హీనమైంది. ఊళ్లో మూతులన్నీ గుడ్డల కింద దాక్కుంటే వాడు ఎవరి పెదాలు చదవాలి? ఇంట్లో నేనూ అమ్మా తప్ప లోకమే లేకుండా పోయింది. అప్పుడు దొరికింది వాడికి చావడి. బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్లు కొందరు పెట్టుకున్న సైటు అది. అద్దె ఇళ్లు, ట్రాఫిక్కు, ఎవరి ఊరి పచ్చడి గొప్ప అన్న కొట్లాట, అన్నీ రాతలోనే. అందరికీ దొంగపేర్లే. మా ఊరు తెల్లవారుజాము బిర్యానీకి పేరుమోసింది కదా, వీడు ‘దమ్ బిర్యానీ’ అని పెట్టుకున్నాడు.

బళ్లో వాడికి కన్నడ నేర్పారు. తెలుగు అక్షరాలు నేను దిద్దించాను. వారపత్రికలు తెగ చదివేవాడు. కానీ పత్రికలో మనుషులు వేరు, పక్కపక్కన కూర్చుని వాగే మనుషులు వేరు. చావడిలో జనం నోటికొచ్చింది వచ్చినట్టే టైపు చేస్తారు. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో మా వాడికి అక్కడే తెలిసింది.

ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో చెబితే నమ్మరు. అంగడికొచ్చి నా కుట్టు ఆపించి, చేతులతో నాకు పాఠం చెప్పేవాడు. ‘సరే’ అంటే ఒప్పుకున్నట్టు. ‘సరేలే’ అంటే విసుగు. ‘సరే’ రాసి పక్కన చుక్క పెడితే కోపం, ఇక ఆ రోజుకి వాళ్ల జోలికి పోకూడదు. ‘హహహ’ అంటే నవ్వినట్టు, ఒక్క ‘హ’ అంటే వెక్కిరించినట్టు. ‘పపన’ అంటే పడిపడి నవ్వానని. అంత పెద్ద బిరుదు ఊరికే ఇవ్వరట. ఒకరోజు అడిగాడు, మనుషులు నవ్వితే నిజంగా హహహ అనే వినిపిస్తుందా అని. నేను వారం పాటు అంగడికొచ్చిన వాళ్ల నవ్వులు విని, నిజమేరా, మన సొన్నప్ప మామ ఒక్కడే ఖీఖీఖీ అంటాడు అని చెప్పాను. దాన్ని కూడా చావడిలో పెట్టి పపనలు కొట్టేశాడు.

వాడి జోకులకు అక్కడ గిరాకీ ఎక్కువ. అంతకంటే గిరాకీ వాణ్ణి తిట్టడానికి. అందరికంటే పెద్ద నోరు ‘సీమ మిరప’ది. అసలు పేరు శివ, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు.

“ఒరే బిర్యానీ, నీ జోకు పాచిపోయిందిరా, బర్రెలకు గూడా పెట్టొద్దు” అని శివ రాసేవాడు.

“బర్రెలకు పెడితే నీకు మిగల్దనా నీ ఏడుపు?” అని మా వాడు.

ఇక చూడండి, సాయంత్రమంతా అదే రచ్చ. వాడు ఫోను తెచ్చి నా మొహం మీద పెట్టేవాడు, చూడక్కా నన్ను ఏం తిట్టాడో అని. తిట్లు తిన్నవాడి మొహంలో అంత వెలుగు నేనెక్కడా చూడలేదు. వాడికి చెవులు లేవని చావడిలో ఒక్క ప్రాణికీ తెలియదు. తెలియనివ్వలేదు. లోకంలో వాణ్ణి మామూలు మనిషిలా ఏకిపారేసే చోటు అదొక్కటే.

చావడిని నడిపేది హేమంత్‌కుమార్ అనే ఆయన. పెద్దమనిషి, మర్యాదస్థుడు. రాసి రాసి వేళ్లు నొప్పులు పుడుతున్నాయని, ఆదివారాలు గొంతులతో మాట్లాడుకునే ఏర్పాటు ఒకటి పెట్టాడు. అందరూ పోయి ఎగబడ్డారు, శివ అయితే పాటలు కూడా ఎత్తుకునేవాడట. మా వాడు ఎలా పోతాడు? మొదట్లో వేళాకోళం చేశారు, బిర్యానీకి బలిసింది అని. పోను పోను మాట ముదిరింది. గొంతు వినిపిస్తే అరిగిపోతాదా అన్నారు. బిర్యానీ అనేవాడు అసలు లేడు, ఇది ఎవరిదో రెండో అకౌంటు అన్నారు. కబ్బన్ పార్కులో అందరం కలుద్దాం, చొక్కాకు దొంగపేరు చీటీ పెట్టుకుని రండి, రానివాడు ఫేకు అని తేల్చేశారు.

నేను వద్దన్నాను. వాడు చేతులు ఆడించాడు: ఇన్నేళ్లుగా నన్ను తిడుతున్నారక్కా, వాళ్లకంటే దగ్గరివాళ్లు నాకెవరున్నారు?

మా అమ్మ పిల్లమ్మ ఊరుకోదు కదా. “పోనీయే. వానికీ స్నేహితులుండల్లా గదా. నువ్వు తోడు పో” అంది.

కృష్ణరాజపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి మెట్రో. దారి పొడుగునా వాడు జేబులోంచి చీటీ తీసి చూసుకుంటూనే ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, నేనే కుట్టాను.

పార్కులో వెదురు పొద పక్కన ఇరవైమంది దాకా చేరారు. చందు చీటీ పెట్టుకుని ముందుకు నడిచాడో లేదో, గుబురు గడ్డం మనిషి ఒకడు ఎగిరి గంతేసి వాణ్ణి కావలించుకున్నాడు. “ఒరే నా కొడకా! బిర్యానీ! ఇంత బక్కగుండావేంరా, నీ బిర్యానీ నీకే పెట్టరా?” అంటూ వీపు మీద దబదబా బాదుతున్నాడు. శివ. చందు నవ్వుతున్నాడు, ఒళ్లంతా నవ్వుతున్నాడు. కానీ ఆ గడ్డంలో ఒక్క మాటా చదవలేక నా వైపు చూశాడు. శివ ఏదో అడిగాడు, మళ్లీ అడిగాడు. అందరూ జవాబు కోసం చూస్తున్నారు.

చెప్పక ఏం చేయను? “వానికి వినపడదప్పా. నీ గడ్డం అడ్డముండాది. నిదానంగా చెప్పు, పెదాలు చూసి తెలుసుకుంటాడు” అన్నాను.

శివ చెయ్యి చందు వీపు మీదినుంచి జారింది. “ఓ... సారీ. నాకు తెలీదు. వెరీ సారీ అండీ” అన్నాడు. అండీ! ఒక్క నిమిషం కిందట నా కొడకా అన్నవాడు.

వెనక ఒకావిడ పెదాలు కలిసి విడిపోయాయి. ఆ మాటను వాడూ చూశాడు, నేనూ చూశాను.

చందు వదల్లేదు. ఫోనులో గబగబా టైపు చేసి శివ మొహం ముందు పెట్టాడు. ‘నీ పాటలు వినక్కర్లేదు కాబట్టే ఇన్నాళ్లు నీతో స్నేహం చేశానురా’ అని. అది నవ్వాల్సిన మాట. శివ చదివాడు, గంభీరంగా తలాడించాడు. ఫోను ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారింది, అందరూ తలాడించారు. హేమంత్‌కుమార్ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఫోటో దిగేటప్పుడు ఎక్కణ్ణుంచో కుర్చీ తెచ్చి వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టారు. అందరూ నిలబడ్డారు, వాడొక్కడే కూర్చున్నాడు. వాడి కాళ్లకేం రోగం?

మర్నాటికి చావడిలో ‘మనందరికీ స్ఫూర్తి, మన చందు గారు’ అని పెద్ద చర్చ మొదలైంది. వందలమంది దండం బొమ్మలు పెట్టారు. బిర్యానీ పోయాడు, చందు గారు వచ్చారు. వాడు జోకేస్తే పపనలు లేవు, తిట్లు లేవు. ‘ఎంత పాజిటివ్‌గా ఉంటారండీ మీరు’ అంటారు. రెచ్చగొట్టి చూద్దామని, అనంతపురం ఓళిగలు, అదే బొబ్బట్లు, చెప్పు అడుగుల్లా ఉంటాయని రాశాడు. ఒకప్పుడైతే శివ కత్తి పట్టుకుని లేచేవాడు. ఇప్పుడు, ‘మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాను చందు గారూ’ అని రాసి పక్కన చుక్క కూడా పెట్టలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. పార్కులో ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను.

“ఏమప్పా శివా, మా తమ్మున్ని ఎందుకు తిట్టడం మానేస్తివి?”

“ఎట్లా తిట్టేదక్కా? అప్పుడు తెలీదు. ఇప్పుడు మనసొప్పదక్కా.”

“వానికి చెవులే లేవు, మనసు బాగానే ఉండాది. తిట్టప్పా. నీ కాళ్లు పట్టుకుంటా, తిట్టు.”

“ట్రై చేస్తానక్కా” అన్నాడు.

చేశాడు, పాపిష్టివాడు. ‘ఒరే బిర్యానీ, నీ జోకు పాచిపోయింది’ అని రాసి పక్కన నవ్వుమొహం పెట్టాడు, దాని పక్కన గుండె బొమ్మ, కిందనే ‘ఊరికే సరదాకి చందు గారూ, తప్పుగా అనుకోవద్దు’ అని ఇంకో ముక్క. అంతలో జనం శివ మీద పడ్డారు. ఒక దివ్యాంగుడితో మాట్లాడే పద్ధతేనా ఇది, సంస్కారం లేదా అని. సాయంత్రానికి శివ అందరికీ క్షమాపణ చెప్పుకుని ఆ పోస్టు తీసేశాడు.

చందు ఆఖరి ప్రయత్నం ఒకటి చేశాడు. ఎవరూ తిట్టకపోతే నన్ను నేనే తిట్టుకుంటాననుకున్నాడేమో. ‘చెవిటోడికి పెళ్లి చూపులు’ అని తన మీద తానే ఒక జోకు రాశాడు. నాకు ముందే చూపించాడు, కుట్టు మిషన్ మీద తలవాల్చి నవ్వాను నేను. అంత బాగుంది. పెట్టిన కాసేపటికే అది మాయమైంది. దాని స్థానంలో హేమంత్‌కుమార్ రాసిన మాటలున్నాయి: ‘చందు గారూ, మీ హాస్యప్రియత్వం మాకు తెలుసు. అయితే ఈ పోస్టు వినికిడి లోపం ఉన్నవారి మనసును నొప్పించవచ్చు కనుక తొలగిస్తున్నాము. మీలాంటి వారి గౌరవాన్ని కాపాడటం మా బాధ్యత. అన్యథా భావించవద్దు.’

వాడు ఫోను అంగడి బల్ల మీద బోర్లించి పెట్టాడు. తర్వాత లేచి నా ఎదురుగా నిలబడి చేతులు కదిపాడు. అక్కా, నన్ను తిట్టు.

దానికేం భాగ్యం అనుకున్నాను. పొద్దున లేస్తే పాలవాడి నుంచి పంచాయితీ మెంబరు దాకా అందరినీ కడిగేసేదాన్ని. చేతులెత్తాను. గాడిదా అన్నాను. దున్నపోతా, పనికిమాలినోడా, తిండికి తప్ప దేనికీ కొరగాని వెధవా అన్నాను. ఒక్కటీ తప్పు పోలేదు, చేతులు బాగానే తిట్టాయి. వాడు చేతులవైపు చూడటం లేదు, నా మొహంవైపు చూస్తున్నాడు. మొహం కోపంగా పెట్టాలని ఎంత తంటాలు పడ్డానో. ముప్పై ఏళ్లలో వాణ్ణి ఒక్కసారీ తిట్టి ఎరగని మొహం అది, దానికేం తెలుసు? కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు ముందుకు వంగి నా రెండు చేతులూ పట్టుకుని ఆపేశాడు.