షక్కర్ చెట్టు, చావు పన్ను

పెద్ద ఆస్తులున్నవాళ్ళు పోయాక వారసుల దగ్గర ప్రభుత్వం పన్ను తీసుకోవాలా వద్దా అని ఎక్కడైనా నలుగురు వాదించుకుంటుంటే నేను మధ్యలో దూరతాను. పిలవకపోయినా దూరతాను. నాకు అర్థశాస్త్రం రాదు. బీదర్ జిల్లాలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి పింఛను తీసుకుంటున్న పంతులమ్మను. కాని ఆ పన్ను ఒకప్పుడు ఉండేది, మా ఊళ్ళో దాన్ని చావు పన్ను అనేవారు, అది మా ఇంటికి ఒక మామిడిచెట్టు ఇప్పించింది. అంతటి మేలు మా చుట్టాలెవరూ చేయలేదు.

మాది ఔరాద్ తాలూకా, కుశనూర్ దగ్గరి పల్లె. మా తాత నల్లరేగడి భూములు, బావి, మామిడితోట సంపాదించిన మనిషి. పంపకాలప్పుడు అవన్నీ పెద్దకొడుక్కి, అంటే మా పెద్దబాపుకు పోయాయి. చిన్నకొడుకైన మా నాన్నకు గుట్టవైపు వానను నమ్ముకున్న చెలక, తోట గోడకు ఆనుకుని ఉన్న చిన్న ఇల్లు వచ్చాయి. ఎందుకలా అంటే, "చిన్నోనికి నౌకరి ఉన్నది గదా" అన్నారట. నాన్న బడిపంతులు. నిజాం కాలంలో ఉర్దూలో పాఠాలు చెప్పి, మేము మైసూరు రాష్ట్రంలో కలిశాక బడిపిల్లలతో పాటు తానూ కన్నడ అక్షరాలు దిద్దుకున్నవాడు. అంత కష్టపడి చేసిన నౌకరీని వాటా కింద జమకట్టారు. మా పెద్దబాపు బడికి పోకుండా ఎగ్గొట్టినందుకు ఆయనకు తోట బహుమానం.

అయితే తాత ఒక్క మంచిపని చేశాడు. మా వైపు ఒక పాత పద్ధతి ఉంది. మట్టి ఒకరిది, చెట్టు ఇంకొకరిది కావచ్చు. నాటినవాడు పెద్దమనుషుల ముందు ఫలానా వాళ్ళకని చెప్పి చెట్టు మొదలుకు సున్నంతో పట్టె గీస్తాడు. కాయితం ఉండదు, ఊరే సాక్ష్యం. చెట్టు పొందినవాడు ఏటా పూత రాగానే ఆ పట్టెను మళ్ళీ కొత్తగా వేసుకోవాలి. వేసుకోకపోతే వదులుకున్నట్టే. తోటలో మా ఇంటి గోడ పక్కన ఉన్న షక్కర్ చెట్టుకు తాత అలా పట్టె గీసి, "ఇది చిన్నోనిది" అన్నాడు. కాయ చిన్నది, పీచు తక్కువ, తియ్యదనం పేరులోనే ఉంది.

తాత పోయిన ఏడు పూత వచ్చేసరికి మాకు మైల. నాన్న సున్నం వేయలేదు. మరుసటేడు సున్నం ముంత పట్టుకుని తోటలోకి వెళ్తే పెద్దబాపు ఎదురొచ్చాడు.

"ఏంది తమ్మీ, ముంత పట్టుకొచ్చినవ్?"

"షక్కర్ చెట్టుకన్నా. నాయిన..."

"పోయినేడు వెయ్యలే గదా. ఇడిసిపెట్టినవనుకున్న. అయినా మట్టి నాది. నా మట్టిల నీ చెట్టు ఎట్లుంటది?"

నాన్న అక్కడినుంచే మళ్ళాడు. ముంత వెనక్కి తెచ్చి గూట్లో పెట్టాడు. ఆ సున్నం అక్కడే ఎండి రాయైంది. ఆ ముంతను పారేయొద్దని మా అమ్మతో పోట్లాడి నేను దాచాను.

అది మొదలు ప్రతి ఎండాకాలం పెద్దబాపు ఇంటినుంచి మాకో బుట్ట వచ్చేది. నిండా రాలిన కాయలు. ఒకవైపు నలిగినవి, చీమలు పట్టినవి. అవి ఆ షక్కర్ చెట్టువే! మా చెట్టు కాయలే మాకు దానం. నాన్న వాటినే కడుక్కుని తినేవాడు. తింటూ గోడవైపు చూసేవాడు. ఒకసారి అమ్మతో, "ఒక్కసారన్న నా చెయ్యితోని తెంపుకొని తినాలని ఉన్నదే" అనడం నేను విన్నాను. నేనైతే మామిడిపండు ముట్టడమే మానేశాను. ఊరంతా రసం కారుతూ తింటుంటే నేను పెరుగన్నం తినేదాన్ని. పెద్దబాపు పెద్దకొడుకు పెళ్ళిలో మమ్మల్ని చెప్పులు విడిచేచోట కూర్చోబెట్టిన సంగతి కూడా ఇక్కడ చెప్పొచ్చు కాని, దానికి వేరే సమయం తీసుకుంటాను.

నేను ఔరాద్ బడిలో ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళయ్యాక, ఒక వేసవి సెలవుల్లో ఆ రాలిన కాయల బుట్టను తిరిగిచ్చేయడానికి పెద్దబాపు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో బీదర్ నుంచి వచ్చిన వకీలు ఉన్నాడు. పెద్దబాపు ముఖం వాడిపోయి ఉంది.

"అంటే వకీల్ సాబ్, నేను సచ్చినంక సర్కారోళ్ళు వచ్చి నా తోటల వాటా అడుగుతరా?"

"తోటల కాదు పటేలా, మొత్తం జాయిదాదు లెక్క కడతరు. పెద్ద ఆస్తులకే పన్ను. చిన్నోళ్ళ జోలికి రారు."

"నా కష్టం మీద పన్నేంది?"

నేను బుట్ట కింద పెట్టి ఊరుకోలేకపోయాను. "ఆ చెట్లు పెట్టింది తాత గదా పెద్దబాపు. నీళ్ళు మోసింది మాలవాడోళ్ళు, మాదిగవాడోళ్ళు. వాళ్ళ పిల్లలకు ఒక్క కొమ్మ రాలే. మీరు చేసిన కష్టమేంది, ముందుగాల పుట్టుడేనా?"

"పంతులమ్మకు నోరు బాగా లేసింది," అన్నాడు ఆయన. వకీలు నవ్వు దాచుకోవడానికి చాయ్ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

వకీలు చెప్పిన ఉపాయం సులువు. బతికుండగానే తోట కొడుకులకు రాసిచ్చేయాలి. ఇచ్చాక కొన్నేళ్ళు బతకాలి. అసలు మెలిక ఆ తర్వాతిది. "ఇచ్చినంక దాని సుఖం మీరు అనుభవించొద్దు. బిల్కుల్ వద్దు. ఇచ్చినట్టు ఇచ్చి మీరే ఏలుకున్నరని తేలిందంటే, ఆ తోట మళ్ళ మీ లెక్కల్నే పడతది."

"గంతేనా? ఇడిసిపెడత," అన్నాడు పెద్దబాపు. ఆయన జీవితంలో ఏదైనా విడిచిపెట్టడం నేనప్పటిదాకా చూడలేదు.

తోట కొడుకులిద్దరి పేరున మారింది. వకీలు మనసులో ఏమనుకుని చెప్పాడో గాని మావాళ్ళు దాన్ని పట్టుకున్న తీరు వేరు. పెద్దబాపు తోటలో అడుగు పెట్టొద్దు, నీడకు కూర్చోవద్దు, ఒక్క కాయ తినొద్దు. ఎవరో చూసి పైకి రాస్తే మొత్తం తోటకు పన్ను పడుతుందని కొడుకులకు ఒకటే భయం. ఆయన మంచం తోట కంచె బయట వేశారు. ఆయన దాన్ని అటోసారి ఇటోసారి తిప్పించుకుంటూ, ఎటు పడుకున్నా చెట్లు కనిపించేలా చూసుకునేవాడు.

మరుసటి వేసవి కాయలు పండాయి. ఒకరోజు గాలికి ఒక పండు కంచె దాటి ఆయన మంచం పక్కన పడింది. చెయ్యి చాచాడో లేదో, లోపలి నుంచి పెద్దకొడుకు కేక.

"బాపూ! ముట్టకు!"

"అరె, అదే వచ్చి పడ్డదిరా!"

"పడ్డా ముట్టకు. అది నాది."

"వాసన సూస్తె గూడ పన్నేనారా?"

"వకీలుని అడిగి చెప్త, అప్పటిదాకా ముక్కు మూసుకో."

నేను మా అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నాను. ఇంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. సంతలో కొని తినమని ఎవరో సలహా ఇచ్చారు. కొనుక్కొచ్చి తిన్నాడు, ఉమ్మేశాడు. పుట్టినప్పటినుంచి ఆ తోట కాయ తిన్న నోరు.

నాలుగురోజులకు ఆయనే మా అరుగెక్కాడు. మా ఇంటికి ఆయన రావడం అమ్మకు కూడా గుర్తులేనంత పాత మాట. అమ్మ కొంగు సర్దుకుని మంచినీళ్ళిచ్చింది. ఆయన గోడవైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"తమ్మీ, ఆ షక్కర్ చెట్టు... నాయిన నీకిచ్చిండు గదా?"

"ఇచ్చిండన్నా," అన్నాడు నాన్న.

"నాకు యాదికొచ్చింది. అది నాది కానే కాదు. నాది కానిదాన్ని నేను పోరగాండ్లకు ఎట్లిస్త? నా తమ్ముని చెట్టు కాయ నా తమ్ముని అరుగు మీద తింటె నన్ను అడిగేటోడెవడు?"

లోపలినుంచి నేనన్నాను, "మాకు ఎన్నడూ యాది ఉన్నది పెద్దబాపు. మీకే మట్టి అడ్డమొచ్చింది."

నాన్న నన్ను చూశాడు, ఊరుకోమన్నట్టు. అన్న ఒక్కమాట అంటే కరిగిపోయే మనిషి, వెంటనే బుట్ట తీసుకుని లేవబోయాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అరుగు మీద చెప్పిన మాట అరుగు దిగితే ఉండదని నాకు తెలుసు. ఊరి పెద్దమనుషులు రావాలి, పెద్దబాపు కొడుకులు ఉండాలి, ఆయనే తన చేత్తో సున్నం పట్టె గీయాలి అన్నాను.

"కాయితం రాసిస్త తీ," అన్నాడాయన.

"కాయితం వద్దు. ముంత ఉన్నది."

గూట్లోంచి ఆ ఎండిపోయిన ముంతను తెచ్చాను. పెద్దబాపు దాన్ని గుర్తుపట్టాడు. నన్ను ఒక్క క్షణం చూసి, "ఇంకా దాచినవా?" అన్నాడు. దానిలోనే కొత్త సున్నం నానబెట్టాను.

మర్నాడు పొద్దున పెద్దమనుషులంతా వచ్చారు. తోటలో అడుగు పెడితే పన్ను పడుతుందేమోనని కొడుకులు మళ్ళీ సందేహపడ్డారు. చివరికి మా పెరటి గోడలోంచి నాలుగు రాళ్ళు తీయించి, ఆయనను మా పెరట్లోనే నిలబెట్టి, అక్కడినుంచి చెయ్యి చాచి గీయించారు. పట్టె వంకరగా వచ్చింది. "ఇది నా తమ్మునిది. ఎప్పటికి ఆనిదే," అన్నాడు పెద్దబాపు. కొడుకులు తలలూపారు. ఊరంతా చూసింది.

ఆ రోజు నాన్న ఆ కన్నంలోంచి లోపలికి వెళ్ళి, తన చేత్తో ఒక పండు తెంపుకున్నాడు. తినలేదు చాలాసేపు. చేతిలో పట్టుకుని తిరిగాడు, అమ్మకు చూపించాడు, నాకు చూపించాడు. తర్వాత తొడిమ దగ్గర జీడి పిండేసి, చెట్టుకింద నిలబడి, మీసాలకు అంటేలా తిన్నాడు. నేనూ తిన్నాను. ఇన్నేళ్ళు పెరుగన్నంతో గడిపింది ఈ తియ్యదనం వదిలేసా అని నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని కూడా పెద్దబాపు పద్దులోనే వేశాను.

ఇక అప్పటినుంచి ప్రతి ఎండాకాలం ఆయన పొద్దున్నే మా అరుగు మీద హాజరు. మొదటిరోజు ఏరి ఏరి రాలిన కాయలు ఒక బుట్టలో పెట్టి ఆయన ముందుంచాను. నలిగినవి, చీమలు పట్టినవి. నాన్న ముఖం ఎర్రబడింది. పెద్దబాపు మాత్రం ఒకటి తీసుకుని, తుడుచుకుని, కళ్ళు మూసుకుని జుర్రాడు.

"చెట్టు మీద పండి తనంతట తను రాలిందే అసలు తీపి బిడ్డా. అందుకే ఏటా మీకు అవే పంపుతుంటి."

ఇప్పటికీ ఆ మాట నేను నమ్మను. చీమలు కూడా ప్రేమతోనే పంపాడా?

మైసూరు రాష్ట్రం కర్ణాటక అయ్యాక ఆయన పోయాడు. చాలినన్ని ఏళ్ళు బతికి, లెక్కప్రకారమే పోయాడు. పన్ను ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఊళ్ళో వాకబు చేశాడు. మా అరుగు మీద కూర్చుని నాన్నను కన్నడంలో అడిగాడు, తోట ఇచ్చేశాక కూడా మీ అన్న దాని ఫలం తినేవారా అని. నాన్న తను దిద్దుకున్న కన్నడంలో నెమ్మదిగా చెప్పాడు, తినలేదు, నా చెట్టు కాయలు తిన్నాడు అని. అది నిజం. ఆ నిజంతో పెద్దబాపు కొడుకులకు తోట పన్ను తప్పింది. పన్ను ఉండాలని ఊరంతా వాదించే నేను, నా కళ్ళముందే అది తప్పిపోతుంటే మజ్జిగ పోస్తూ నిలబడ్డాను. ఆఫీసరు మజ్జిగ బాగుందన్నాడు.

కాని అందులో మాకొక రక్షణ ఉంది. ఆ చెట్టు మాది అని వాళ్ళే చెప్పుకోవాలి. తమది అన్నారంటే, తండ్రి ఇచ్చేసిన తోట ఫలం చివరిదాకా తిన్నట్టే, పన్ను కట్టాల్సిందే. అందుకే పెద్దబాపు కొడుకులు ఎక్కడికెళ్ళినా, "షక్కర్ చెట్టు చిన్నబాపుది" అని అడగకముందే చెప్పేవారు. ఏటా పూతకు నేను సున్నం వేస్తుంటే పెద్దవాడు వచ్చి ముంత పట్టుకునేవాడు కూడా. నాన్న తన చివరి వేసవి దాకా తన చేత్తోనే తెంపుకుని తిన్నాడు. పోయేముందు చెట్టు నాకన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ప్రభుత్వం ఆ పన్ను ఎత్తేసింది. వచ్చేది తక్కువ, తిప్పలెక్కువ అన్నారట. వచ్చింది ఎంతో నాకు తెలియదు. మా ఊళ్ళో అది పైసా వసూలు చేయకుండానే ఒక చెట్టును న్యాయమైన చోటికి చేర్చింది, ఆ సంగతి ఎవరు లెక్కేశారు? ఆ ఏడు పూత రాగానే ముంత పట్టుకుని వెళ్ళాను. గోడ కన్నం పూడ్చేసి ఉంది. తోట గేటుకు తాళం. పెద్దబాపు పెద్దకొడుకు లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అచ్చం తండ్రి పోలిక.

"ఏం పని మీద వచ్చినవ్ చెల్లె?"

"సున్నం ఎయ్యనీకి."

"ఏ చెట్టుకు?"

"నీకు తెల్వదా? నువ్వు ముంత పట్టుకున్న చెట్టుకు."

"అప్పటి ముచ్చట అప్పుడాయె. మట్టి మాది గదా చెల్లె."

నేను ముంత వెనక్కి తేలేదు. మా నాన్న తెచ్చాడు, నేను తేలేదు. గేటు ముందే కూర్చున్నాను. ఎండెక్కింది. దారిన పోయేవాళ్ళు ఆగి, ఏమైందమ్మా అని అడిగినప్పుడల్లా మొదటినుంచి చెప్పాను, పెళ్ళిలో చెప్పుల దగ్గర కూర్చోబెట్టిన దానితో సహా. మధ్యాహ్నానికి గుంపు చేరింది. పట్టె గీసినరోజు చూసిన ముసలివాళ్ళు ఇద్దరు ఇంకా ఉన్నారు, వాళ్ళు కర్రలూతగా వచ్చి నా పక్కనే కూర్చున్నారు. పొద్దు గుంకకముందే, "తల్లీ, నీ చెట్టు నువ్వు చూస్కో, నోరు మాత్రం మూస్కో" అంటూ పెద్దబాపు పెద్దకొడుకే తాళం తీశాడు.

చెట్టు దక్కింది, ఆ ఏటికి. పన్ను ఉన్నన్నాళ్ళు తాళం పడలేదు. లేనప్పటినుంచి ప్రతి ఏడూ నేను గేటు ముందు కూర్చోవాల్సి వస్తోంది. నాకు ఓపిక ఉంది, నోరుంది. రెండూ లేనివాళ్ళు గేటు బయటే ఉండిపోతారు. అందుకే వాదనలో దూరతాను. నా చెట్టు మీద కూడా పన్నేస్తారా అని ఎవరైనా అడిగితే, వేయమనండి, బుట్టెడు కాయలు నేనే మోసుకొచ్చి ఇస్తాను, తెంపినవే ఇస్తాను, రాలినవి కాదు.

మొన్న పూత కనిపించింది. సున్నం నానబెట్టాను.