మార్లిస్ తన గురించి రాసుకున్న ఉత్తరం

ప్రొఫెసర్ గ్రేయమ్ స్టాడ్లర్ సంతకంతో ఉన్న సిఫారసు ఉత్తరాలు దేశంలో సగం జీవశాస్త్ర శాఖల బీరువాల్లో ఉన్నాయి. వాటిలో ఆయన స్వయంగా రాసింది ఒక్కటి కూడా లేదు. అన్నీ మార్లిస్ టోర్విక్ రాసినవే. పద్దెనిమిదేళ్లుగా ఆ ల్యాబులో చేపలకు మేత వేసేదీ ఆమే, వాటి మీద ప్రయోగాలు చేసేదీ ఆమే, వచ్చిన ఫలితాలను వ్యాసాలుగా రాసేదీ ఆమే. స్టాడ్లర్ గారి పనల్లా విమానమెక్కి ఊరూరా తిరిగి ఆ వ్యాసాల మీద ఉపన్యాసాలివ్వడం. ఆ ఒక్క పనిలో మాత్రం ఆయనకు సాటి వచ్చేవాడు లేడు.

మార్లిస్ పుట్టింది మినెసోటా రాష్ట్రం పడమటి అంచున, అరవై ఆవుల పాడి కమతంలో. ఆ చుట్టుపక్కల అందరూ తాతల కాలంలో నార్వే నుంచి వచ్చినవాళ్లు. తన గొప్ప తాను చెప్పుకోవడమంటే వాళ్లకు నలుగురిలో చొక్కా విప్పుకున్నంత సిగ్గు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నేలమాళిగలో కాఫీల దగ్గర వాళ్లమ్మ ఇంగ్రిడ్ చేసిన కేకును ఎవరైనా మెచ్చుకుంటే, "అడుగు కాస్త మాడింది, ఏమనుకోకండి" అనేది. ఆ కేకు ఏనాడూ మాడలేదు. "పర్లేదు" అన్నదే అక్కడ అన్నిటికన్నా పెద్ద పొగడ్త. జిల్లా సైన్సు పోటీలో మార్లిస్ మొదటి బహుమతి తెచ్చుకున్న రోజు, వాళ్ల నాన్న ఆర్లో బహుమతిగా ఇచ్చిన రిబ్బను అటూ ఇటూ తిప్పి చూసి, "పర్లేదే. దూడలకి పాలు పట్టావా?" అన్నాడు. మార్లిస్ ఆ మాటతో నెలరోజులు సంబరపడింది.

ఆర్లోకు నలభై అయిదేళ్లకే చెవులు ముప్పాతిక వంతు పోయాయి. ట్రాక్టరు మోత కొంత, పాలు పితికే యంత్రం మోత కొంత. కాలేజీలో మార్లిస్ ఒక పుస్తకంలో చేపల సంగతి చదివింది. చేప ఒంటికి రెండు పక్కలా చిన్న చుక్కల వరుస ఉంటుంది. ఒక్కో చుక్కలో వెంట్రుకలున్న కణాలు పదో పన్నెండో ఉంటాయి. నీళ్లు కదిలితే ఆ వెంట్రుకలు వంగుతాయి, చేపకు తెలుస్తుంది. మన చెవి లోపల వినేవి కూడా అలాంటి కణాలే. మందు వేసి చేపలో వాటిని చంపేస్తే మూడో రోజుకు మళ్లీ మొలుస్తాయి, మనిషికి మాత్రం పోతే పోయినట్టే. అది చదివాక ఆమె ఇంకో పని గురించి ఆలోచించలేదు. పరిశోధన పట్టా చేతికొచ్చిన వేసవిలోనే స్టాడ్లర్ ల్యాబులో చేరింది.

అప్పటికే స్టాడ్లర్ పేరున్న మనిషి. ప్రభుత్వానికి పంపే ప్రతి నిధుల దరఖాస్తులోనూ ఆయన ఒకే వాక్యం రాయించేవాడు. పదేళ్లలో చెవిటివాళ్లకు వినికిడి తెప్పిస్తామని. మార్లిస్ చేరినప్పుడూ పదేళ్లే, ఆమె జుట్టు నెరిశాకా పదేళ్లే. ఆర్లో ఫోనులో గట్టిగా అరిచి అడిగేవాడు.

"మీ దొరగారి పదేళ్లు అయిపోయాయా అమ్మాయ్?"

"ఇంకా లేదు నాన్నా!"

"ఆయనకి చెప్పు, నాకేం తొందర లేదని! మీ అమ్మ మాటలు వినపడకపోతే హాయిగానే ఉంది!"

ఆ ల్యాబులో తెలిసిన కొత్త సంగతి ఏదైనా ఉందంటే అది మార్లిస్ చూసినదే. కొత్త కణాలు చుక్కలో ఎక్కడినుంచైనా పుడతాయని స్టాడ్లర్ పన్నెండేళ్లు పాఠం చెప్పాడు. మార్లిస్ ఒక చిన్న చేపపిల్లను సూక్ష్మదర్శిని కింద కదలకుండా పెట్టి, మూడు రోజులపాటు అయిదు నిమిషాలకొక బొమ్మ తీసింది. చుక్కకు పైకొసన, కిందికొసన ఉన్న కణాలే చీలి కొత్తవాటిని పుట్టిస్తున్నాయి. మధ్యలోవి ఊరికే చూస్తూ కూర్చుంటున్నాయి. వ్యాసంలో మొదటి పేరు ఆమెది, చివరి పేరు స్టాడ్లర్‌ది. ఈ వృత్తిలో చివరి పేరే యజమాని పేరు. మొదటి ఏడాది ఉపన్యాసాల్లో ఆయన "మా మార్లిస్ చూసింది" అన్నాడు. రెండో ఏడాదికి అది "మేం చూశాం" అయింది. మూడో ఏడాది లిస్బన్‌లో "నేను చూసినప్పుడు నా కళ్లని నేనే నమ్మలేదు" అన్నాడట. ఆ మూడు రోజులూ ఆయన కొలరాడోలో మంచు మీద జారుతున్నాడు.

ఉత్తరాల పని మొదలైంది ఆమె చేరిన రెండో ఏటనే. ఒక విద్యార్థికి ఉద్యోగం కోసం సిఫారసు కావలసి వచ్చింది. స్టాడ్లర్ కోటు తొడుక్కుంటూ, "మార్లిస్, నువ్వో చిత్తు రాసి పడెయ్. నేను సంతకం పెట్టేస్తా" అన్నాడు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. ఆమె ఆ భాషను తొందరగానే పట్టేసింది. "శ్రమజీవి" అని రాస్తే బుర్ర లేదని అర్థం. "చేతి పని శుభ్రం" అంటే కూలికి పనికొస్తాడని. "అందరితో కలిసిపోతాడు" అంటే సొంత ఆలోచన ఒక్కటీ లేదని. ఒకణ్ణి నిజంగా పైకి తీసుకురావాలంటే "గత పదిహేనేళ్లలో నేను చూసిన ముగ్గురు మేధావుల్లో ఇతనొకడు" అని రాయాలి. ఆ ముగ్గురూ ఇప్పటికి నలభై మంది దాకా అయ్యారు. దేశంలో ఒక్కరు కూడా లెక్క అడగలేదు.

మార్లిస్‌కు నలభై ఏడేళ్లప్పుడు ఆ శాఖలోనే ఒక అధ్యాపక ఉద్యోగం పడింది. ఇంద్రియాల జీవశాస్త్రం. సొంత ల్యాబు, సొంత విద్యార్థులు, తలుపు మీద సొంత పేరు. వ్యాసాల్లో చివరి పేరు ఆమెదవుతుంది. ఆమె జీవితంలో అడిగి తీసుకోవాలనుకున్నది ఆ ఒక్కటే. స్టాడ్లర్ కూడా భుజం తట్టాడు.

"నీకు కాకపోతే ఇంకెవరికిస్తారు? వేసెయ్, వేసెయ్."

"మీ ఉత్తరం కావాలి గ్రేయమ్."

"దానికేం భాగ్యం. చిత్తు రాసి పంపు."

ఆమె వంటింటి బల్ల దగ్గర వారం రోజులు కూర్చుంది. "ముగ్గురు మేధావుల్లో" అని మొదలుపెట్టగానే చర్చి నేలమాళిగ అంతా తన వైపు తిరిగి చూస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. కొట్టేసింది. "అసాధారణమైన" అని రాసింది, అదీ కొట్టేసింది. నలభై మంది దద్దమ్మలను ఆకాశానికెత్తిన చెయ్యి తన దాకా వచ్చేసరికి కదలలేదు. చివరికి నిజం అనుకున్నదే రాసింది. శ్రమజీవి. చేతి పని శుభ్రం. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. అందరితో కలిసిపోతుంది. కణాల సంగతి దగ్గర "మా ల్యాబులో కనుగొన్నాం" అని రాసింది.

ఆ మాటల అర్థం తనకు తెలియక కాదు. గ్రేయమ్ ఇది చదివి పకపకా నవ్వుతాడు, ఇదేం ఉత్తరమని పక్కన పడేస్తాడు, ఈ ఒక్కసారికి తన మాటల్లో తానే రాస్తాడు అనుకుంది. తన గురించి ఆయన ఏమనుకుంటాడో ఒక్కసారి చదవాలని ఆమె ఆశ. సోమవారం ఉదయం పంపింది. ఆయన ఏదో విమానాశ్రయంలో ఉన్నాడు. పదకొండు నిమిషాల్లో సంతకం పెట్టి కమిటీకి పంపేశాడు, నకలు ఆమెకూ వచ్చింది. ఒక్క కామా కూడా మారలేదు.

అప్పుడైనా వెళ్లి అడగాల్సింది. అడగడం కూడా గొప్ప చెప్పుకోవడమే అనుకునే రకం కదా, నోరు మూసుకుని చేపలకు మేత వేసింది.

మార్చిలో కమిటీ తేల్చేసింది. ఆ కమిటీలో వెర్నా పుల్లియం అని, మొక్కల పాఠాలు చెప్పే ఆవిడ ఉంది. మార్లిస్‌కు ఆ శాఖలో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. లోపలి మాటలు బయట చెప్పకూడదని నియమం. వెర్నా ఆ నియమాన్ని కాఫీలో ముంచుకుని తినేసింది.

"నిజం చెప్పు మార్లిస్. గ్రేయమ్‌కి నీ మీద ఏం కక్ష?"

"కక్షా? ఏం లేదే."

"లేకపోతే అదేం ఉత్తరం? నేను ఎంత మొత్తుకున్నా వినలేదు మావాళ్లు. 'సొంత దొరే పనిమనిషి అంటుంటే మనకెందుకు' అన్నారు. ఒక్కో ముక్కా గట్టిగా చదివి మరీ నవ్వారు."

"అది నేనే రాశాను."

వెర్నా కప్పు కింద పెట్టింది. "ఏంటీ?"

"ఆయన సంతకం పెట్టాడు. రాసింది నేనే."

"నీకేమైనా పిచ్చా, తల్లీ? మరి ఆ ప్రెస్టన్ కెంబల్ ఉత్తరం ఎవరు రాశారు? 'ముగ్గురు మేధావుల్లో ఒకడు' అంటూ రెండు పేజీలు! ఉద్యోగం వాడికే వచ్చింది."

ప్రెస్టన్ కెంబల్ ఆ ల్యాబులో నాలుగేళ్లున్నాడు. నీటి వడపోత తిప్పడం మరిచిపోయి, క్లోరిన్ కలిసిన పట్నం కుళాయి నీళ్లు నేరుగా వదిలి, ఒక్క మధ్యాహ్నంలో సగం చేపలను చంపిన ఘనుడు. అక్టోబరులో "ఏవో నాలుగైదు చోట్లకి పెట్టుకుంటున్నాడట, ఒక చిత్తు కొట్టెయ్" అని స్టాడ్లర్ అంటే ఆమె అలవాటు కొద్దీ అరగంటలో రాసేసింది. ఆ నాలుగైదు చోట్లలో ఈ చోటు కూడా ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అది కూడా నేనే" అంది.

వెర్నా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

మర్నాడు ఉదయం మార్లిస్ తన ఉత్తరాన్ని అచ్చు తీసి స్టాడ్లర్ గదికి వెళ్లింది. దారి పొడవునా ఆమెకు కోపం కన్నా ఏవగింపు ఎక్కువగా ఉంది. చదవకుండా సంతకం పెట్టే మనిషి. పదకొండు నిమిషాల మనిషి. చదివిస్తాను, తల దించుకుంటాడు, ఆ తల దించుకోవడం ఒక్కటి చూసి వచ్చేస్తాను అనుకుంది.

"ఇది ఒకసారి చదవండి."

"ఏంటిది? ఆ ఉద్యోగం సంగతేనా? అయ్యో, విన్నాను మార్లిస్. చాలా బాధేసింది. కమిటీలంటే అంతే, వెధవలు."

"చదవండి గ్రేయమ్."

ఆయన కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. మొదటిసారి, మొదటి నుంచి చివరి దాకా, నింపాదిగా చదివాడు. అప్పట్లో మూడు రోజులు చేపపిల్లను చూసినట్టే ఆమె ఆయన మొహాన్ని చూసింది. ఏ కొసనా ఏమీ కదలలేదు. ఆయన కాగితం తిరిగి ఇచ్చాడు.

"బానే ఉందిగా. ఇందులో తప్పేముంది?"

"తప్పేముందా?"

"అంతా నిజమేగా? నీ చేతి పని లాంటిది నేనింకెక్కడా చూళ్లేదు. నేనే కూర్చుని రాసినా ఇదే రాసేవాణ్ణి."

ఆయన మాటలో వెటకారం ఇసుమంత కూడా లేదు. మెచ్చుకుంటున్నానని మనస్ఫూర్తిగా అనుకుంటున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆయన చదవడు కాబట్టి తన గురించి తెలియదని మార్లిస్ అనుకుంటూ వచ్చింది. చదివినా అంతేనని ఇప్పుడు తెలిసింది. ఆ క్షణంలో ఆయన మీద ఆమెకున్న కాస్త గౌరవమూ పోయింది, పోయిన చోట మళ్లీ ఏమీ మొలవలేదు.

"అన్నట్టు" అన్నాడాయన కోటు తీసుకుంటూ, "అయిదేళ్ల నిధుల దరఖాస్తు శుక్రవారం వెళ్లాలి కదా. చిత్తు అయిందా? నేను సియాటిల్‌లో ఉంటాను."

"అవుతుంది" అంది మార్లిస్.

శుక్రవారం దాకా మిగిలిన మూడు రోజులూ ఆమె వంటింటి బల్ల దగ్గరే కూర్చుంది. ఈసారి చర్చి నేలమాళిగలో ఎవరూ తల తిప్పలేదు. పదేళ్ల వాక్యం కొట్టేసి, మనుషులకు వినికిడి ఎప్పుడొస్తుందో ఈ ల్యాబులో ఎవరికీ తెలియదని రాసింది. ఆరో పేజీలో, చుక్క రెండు కొసల సంగతి కనుగొన్నది మార్లిస్ టోర్విక్ అని, ఆ ప్రయోగం జరిగినప్పుడు ప్రొఫెసర్ స్టాడ్లర్ ఊళ్లో లేరని రాసింది. ఇకముందు చేయాల్సిన ప్రయోగాలు నాలుగూ ఆమె ఆలోచనలేనని, వాటిని నడపగలిగినది ఆమె ఒక్కతేనని రాసింది. యజమాని అర్హతలు రాయాల్సిన చోటికి వచ్చి కాసేపు ఆగింది. తర్వాత చకచకా కొట్టింది. ప్రొఫెసర్ స్టాడ్లర్ శ్రమజీవి. అందరితో కలిసిపోతారు.

ఒక్క అబద్ధం కూడా లేదు కదా అని రెండుసార్లు సరిచూసింది. ఈ దరఖాస్తు వెళ్తే ల్యాబు నిలవదని, తన జీతం కూడా దాంతోనే పోతుందని ఆమెకు తెలుసు. వాషింగ్టన్‌లో వీటిని చదవడానికి పన్నెండుమంది కూర్చుంటారు. చదవడమే వాళ్ల పని, వాళ్లలో సగం మంది స్టాడ్లర్ అంటే పడనివాళ్లు.

శుక్రవారం ఉదయం సియాటిల్‌కు పంపింది. తొమ్మిది నిమిషాల్లో సంతకంతో తిరిగి వచ్చింది, పైన ఒక ముక్క కూడా ఉంది: "అద్భుతంగా రాశావు, ఎప్పటిలాగే."

మార్లిస్ ఆరో పేజీ మరొక్కసారి చదువుకుంది. పర్లేదనిపించింది. వాషింగ్టన్‌కు పంపేసి, చేపల మేత డబ్బా తీసుకుని లేచింది.